గేటు ముందు ఆరిపోయిన కెమెరా

నాన్న రిటైరయ్యే రోజు కోసం వీడియో కెమెరా కొన్నాను. ఉక్కునగరంలో ఆ రోజు షిఫ్టువాళ్లు మనిషికి దండలేసి, డప్పులతో ప్లాంటు గేటు నుంచి క్వార్టరు దాకా ఊరేగిస్తారు. పెళ్లైనా రెండోసారి చేసుకోవచ్చు గానీ ఇది మళ్లీ జరగదు. మా నాన్న దేనికీ ముఖం మార్చే రకం కాదు. గేటు దాటేటప్పుడైనా మారుస్తాడేమోనని నా ఆశ. నాకు కావలసింది ఆ ఒక్క ముఖమే.

ఫార్మాటు సలహా మా అక్క మొగుడిది. గాజువాకలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు.

"తేలిక ఫార్మాట్లో కెమెరా ప్రతి బొమ్మా దాసదు బావా. ముందు బొమ్మకీ దీనికీ తేడా ఏటో అదొక్కటే రాసుకుంటాది. ఎడిటింగులో కంప్యూటరు మిగతాది కట్టుకోలేక ఏడుత్తాది. బరువుదే పెట్టు, ప్రతి బొమ్మా పూర్తిగా ఉంటాది," అన్నాడు.

బరువుంటేనే సరుకని నమ్మే ఊరు మాది. ఉన్నవాటిలో అన్నిటికన్నా బరువైన ఫార్మాటే ఎంచుకున్నాను. షాపులో ఏసీ కింద పావుగంట తీసి చూశాం, బ్రహ్మాండంగా వచ్చింది. బరువు ఫార్మాట్లో కెమెరా ఎంత వేడెక్కుతుందో అడగాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. మా వాళ్లు వేడి గురించి ప్రత్యేకంగా మాట్లాడుకోరు.

మే నెలాఖరు. పొద్దున ఐదింటికి నాన్న వరండాలో బూట్లు వేసుకుంటుంటే, పరీక్షగా ఒకటిన్నర నిమిషం తీశాను. "ఏట్రా అది, ఆపు," అన్నాడు. ఆపేశాను.

షిఫ్టు దిగేది మధ్యాహ్నం రెండింటికి. ఎక్కడ తప్పిపోతుందోనని ఒంటిగంటన్నరకే ఎండలో నిలబడి ఖాళీ గేటును తీయడం మొదలుపెట్టాను. సరిగ్గా డప్పులు వినబడే వేళకి తెర మీద థర్మామీటరు బొమ్మ వెలిగింది, కెమెరా ఆరిపోయింది. తడి తువ్వాలు చుట్టాను. అట్టముక్కతో గాలి విసిరాను. బతిమాలాను. నాన్న నా ముందు నుంచే వెళ్లిపోయాడు. కెమెరానే చూస్తూ ఉండిపోయాను కాబట్టి ఆయన ముఖం నేనూ చూడలేదు.

అది మళ్లీ వెలిగేసరికి ఆయన ఇంట్లో మజ్జిగ తాగుతున్నాడు. జరిగింది చెప్పాను.

"నాను ముప్పయ్యేళ్లు ఫర్నేసు కాడ నిలబడ్డాను. ఇదేటి, అరగంటకే పడిపోనాది?" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

వారం తర్వాత ఎడిటింగుకి కూర్చుంటే ఉన్నవి రెండే: అరగంట ఖాళీ గేటు, పొద్దుటి బూట్లు. బావ చెప్పింది నిజమే, వీడియో ఎక్కడా ఆగకుండా నడిచింది. అందులో నాన్న లేసులు కట్టాడు. విప్పాడు. మళ్లీ కట్టాడు. బూటు మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాడు. ఆపమన్నది అప్పుడే.

"బూట్లు ఓ పది సెకన్లు సాలు, మిగతాది కోసీ బావా," అన్నాడు అక్క మొగుడు.

"కొయ్యకురా." నాన్న ఎప్పుడొచ్చాడో, మా వెనకాలే నిలబడి ఉన్నాడు. "మల్లీ ఎయ్యి."

వేసి, వెనక్కి తిరిగి ఆయన ముఖం చూశాను. కెమెరా సంచిలోనే ఉంది.