బావగారి కారులో పర్ణశాల దాకా

మా పాప పుట్టువెంట్రుకలు భద్రాచలంలో తీయించాలని మొక్కు. మా ఆయనకు సెలవు దొరకలేదు. బస్సులో వెళ్తానంటే ఆయన అన్నగారు, అంటే మా బావగారు, ఒప్పుకోలేదు. "ఇంట్ల కారు పెట్టుకొని బస్సేంది? పర్ణశాల గూడ చూపిస్త" అన్నారు. ఆయనకు కార్లంటే ప్రాణం. అందుకు నాకేం అభ్యంతరం లేదు. నాకు కావలసిందల్లా పాప కోసం కొన్న చిన్న సీటును వెనక సీటుకు బెల్టుతో బిగించడం.

ఉదయం ఆరింటికి ఖమ్మంలో బయలుదేరబోతూ చూస్తే బెల్టులున్నాయి గాని, వాటిని గుచ్చే లాకులు కనబడలేదు. బావగారు కారు కొన్న వారంలోనే వేయించిన రెక్సిన్ కవర్ల కింద అవి సమాధి అయ్యాయి.

"కవరు కొంచెం విప్పుదామా బావా?"

"అమ్మో, ఒకసారి విప్పితే మల్ల గట్ల కూసోదు. నేను నడుపుతుంటే భయమేంది? ఒళ్లో పెట్టుకో."

ముందు సీట్లో కూర్చున్న ఆయన భార్య, మా అక్క, వెనక్కి తిరిగి 'వదిలెయ్' అన్నట్టు చూసింది. పాప సీటు డిక్కీలోకి పోయింది.

ఏన్కూరు చేరేలోపే ప్రపంచంలోని కార్లన్నీ ఐపోయాయి. "జపానోళ్ల ఇంజిన్‌కు చావు లేదు, రేకు మాత్రం అప్పడం. కొరియావోళ్లు లోపల పెండ్లిపందిరి లెక్క చేస్తరు, ఐదేండ్లకు అన్ని కిరకిరమంటయి. మనోళ్లది రేకు గట్టి, తలుపుల సందుల బల్లి దూరుతది. జర్మనీ కారు కొత్తల్లుడు. మర్యాదలు తక్కువైతే అలుగుతది."

"మరి మంచి కారేదండీ?" అంది అక్క.

"స్టార్లు చూడాలె. గుద్దించి పరీక్ష చేసి ఇస్తరు గద, గా స్టార్లు చూడకుంట కొనేటోడు మనిషేనా?"

"ఆ పరీక్షలో బొమ్మలకు కూడా బెల్టు పెడతారు బావా" అన్నాను.

"నువ్వు చదువుకున్నవ్‌లే" అన్నారాయన. ఆయన బెల్టు పక్కన వేలాడుతోంది. బెల్టు పెట్టుకోలేదని కారు మోగకుండా లాకులో ఒక ఉత్త ఇనుప నాలుక గుచ్చి ఉంది.

జూలూరుపాడులో ఇడ్లీకి ఆగాం. ఎవరో కారు చుట్టూ తిరిగి "అన్నా, లీటరుకు ఎంతిస్తది?" అని అడిగాడు. ఇక బావగారి ఇడ్లీ చల్లారిపోయింది. మీరు ఈ దారిలో వెళ్తే టిఫిన్ అక్కడే చేయండి, చట్నీ బాగుంది. మైలేజీ మాత్రం ఎవరితోనూ మాట్లాడకండి.

కొత్తగూడెం, పాల్వంచ దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి పది. క్షౌరం, స్నానం, దర్శనం పన్నెండులోపు ముగిశాయి. పాప గుండు మీద గంధం పూశాను. బయట ఒకతను కొత్త కారుకు పూజ చేయిస్తున్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు, సీట్ల మీద ఇంకా ప్లాస్టిక్ కాగితం. బావగారు ఆగలేకపోయారు.

"తొందరపడ్డవ్ తమ్మీ. గీ మోడల్ మారుస్తరంట."

అతను దండ పట్టుకునే దండం పెట్టాడు. "నిమ్మకాయలు తొక్కించేదాకన్న ఆగరాదే అన్నా!"

పర్ణశాల దారిలో దుమ్ముగూడెం దాటాక చెట్లు దగ్గరికొస్తాయి. గుడి చిన్నది, గోదావరి పెద్దది. భోజనం చేసి, రేవులో పాప కాళ్లు తడిపి, మూడింటికి తిరుగు ముఖం పట్టాం. ఒక మలుపులో బర్రె రోడ్డు మీదికి వచ్చింది. బావగారు బ్రేకు తొక్కారు. నేను రెండు చేతులతో పట్టుకున్నా పాప జారి ముందు సీటుకు తగిలింది. దెబ్బ గట్టిది కాదు. గుండు మీది గంధం మాత్రం ఆ సీటు వెనక పచ్చగా అంటుకుంది.

పాప ఏడుస్తుంటే బావగారు, "బ్రేకు చూసిండ్రా? ఇంకో కారైతే బర్రె ఒళ్లో ఉండేది!" అన్నారు.

భద్రాచలంలో టీకి ఆగినప్పుడు ఆయన దిగి, పక్కన లారీ డ్రైవరుతో డీజిల్ ఇంజన్ల గురించి మొదలుపెట్టారు. నేను సంచిలోంచి పాలపాకెట్లు కోసే కత్తెర తీసి వెనక సీటు కవరు మీద పెట్టాను.

అక్క వెనక్కి తిరిగింది. "ఏం చేస్తున్నవే?"

"కోస్తున్న అక్కా."

ఆమె పచ్చని మరక వైపు చూసింది. తర్వాత దిగి వెనక తలుపు తీసింది. "గట్లైతే వంకర పోతది. ఉండు, నేను గుంజి పట్టుకుంట. మూడేండ్లాయె, ఈ కవర్ల మీద నన్ను మంచినీళ్లు తాగనియ్యలె!"

లాకు బయటికొచ్చింది, కంపెనీ ప్లాస్టిక్ కాగితం కూడా విప్పనిది. డిక్కీలోంచి సీటు తెచ్చి బిగించి, పాపను కూర్చోబెట్టాం. టక్‌మంది.

బావగారు వచ్చి చూశారు. కారు తీశారు. వంతెన దాటాం, మాట లేదు. పాల్వంచ దాటాం, మాట లేదు. అడవిలో కీచురాళ్లు అరుస్తాయని ఆ రోజు మొదటిసారి అప్పుడే తెలిసింది. పాప నిద్రపోయింది. నా చేతులు ఖాళీగా ఉన్నాయి, మోచేతుల దాకా నొప్పిగా ఉన్నాయి.

కొత్తగూడెం దాటాక బావగారు గొంతు సవరించుకున్నారు. "జపానోళ్ల కవర్లకైతే లాకు సందు వాళ్లే ఇస్తరు."

"మరి మీరు గవే ఎందుకు తెచ్చుకోలె?" అంది అక్క.

ఇదే దారిలో చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కారు ఏ దేశానిదైనా సరే, ఎక్కేముందు వెనక సీటు సందులో చెయ్యి పెట్టి చూడండి. లాకు తగలకపోతే కత్తెర దగ్గర పెట్టుకోండి.

బావగారు రేపు రెండోవైపు కూడా కోయించి, అంచులు కుట్టిస్తారట. ఏ రంగు దారమైతే మళ్లీ అమ్మేటప్పుడు ధర తగ్గదో ఖమ్మం వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు. ఆయన బెల్టు మాత్రం ఇంకా పక్కనే వేలాడుతోంది.