ముల్లుకి ఎదురుగా కుర్చీ

గొట్టాల తనిఖీ అధికారిని ఆఫీసులో అందరూ కుర్చీ సారు అనేవారు. పదవి మీద యావ ఉండి కాదు లెండి. గ్యాస్ వదలబోయే ముందు గొట్టం నిండా నీళ్లు పట్టించి, పంపుతో ఒత్తిడి పెంచి, పంపు ఆపేసి రోజంతా అలా ఉంచుతారు. మీటరు ముల్లు కదలకపోతే గొట్టం గట్టిదన్నట్టు. దిగిందా, ఎక్కడో అతుకు కారుతోందన్నమాట. మిగతా అధికారులు పొద్దునోసారి, సాయంత్రమోసారి తొంగిచూసి సంతకం గీకేసేవాళ్లు. ఈయన మాత్రం ఇంటినుంచి మడతకుర్చీ మోసుకెళ్లి ముల్లుకి ఎదురుగా కూర్చునేవాడు. భోజనం కూడా అక్కడే. "ముల్లుకి కన్నుకొడుతున్నారా సార్?" అని కంపెనీవాళ్లు ఆటపట్టించినా లేచేవాడు కాదు.

అలాంటి మనిషికి చెల్లెలి వీధే వచ్చిపడింది. కొత్త గ్యాస్ లైను సరిగ్గా ఆవిడ పెరటిగోడని ఆనుకుని వెళ్తోంది. చెల్లెలు ఒంటికాలి మీద లేచింది. వీధివాళ్లందరినీ కూడగట్టి, పరీక్ష కూడా జరగనిచ్చేది లేదంటూ పంపు పెట్టాల్సిన చోట టెంటు వేసి కూర్చుంది. మంచం పట్టిన తల్లిని వెనక గదిలోంచి ముందు గదిలోకి మార్చేసింది. అక్కడ గాలాడదు. ముసలావిడకి పాపం కంటిమీద కునుకే లేదు.

"పరీక్ష అయ్యేదాకా నువ్వే కూర్చుంటావా అన్నయ్యా?" అని అడిగింది చెల్లెలు.

"నేనెప్పుడు లేచానే?"

"అయితే సరే. నీ మాట మీద తీసేస్తున్నా. ఇంకెవడు చెప్పినా వినేదాన్ని కాదు."

టెంటు లేచిపోయింది.

పరీక్ష రోజు మధ్యాహ్నం పై అధికారి ఫోన్ చేశాడు. మంత్రిగారికి లైను సంగతి వివరించాలి, ఉన్నపళంగా రమ్మన్నాడు. రానని చెప్పాల్సింది. చెప్పలేదు. కుర్చీ అక్కడే వదిలేసి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. ముల్లు ఉన్నచోటే ఉంది. పక్కనున్న పంపు మీద చెయ్యి వేస్తే మాత్రం వేడిగా తగిలింది. పొద్దున ఆపేసిన పంపు ఇప్పుడు వేడిగా ఎందుకుంటుంది? ముల్లు దిగితే మళ్లీ నీళ్లు కొట్టి ఎక్కించారన్నమాట.

"ఎండకి వేడెక్కింది సార్," అన్నాడు పంపు నడిపేవాడు, ఆ పంపునే ఆనుకుని రేకుల నీడలో నిలబడి.

మళ్లీ మొదటినుంచి పరీక్ష పెట్టాలని ఈయన పట్టుబట్టాడు. పై అధికారి మండిపడ్డాడు.

"పైనుంచి అనుమతి వచ్చేసిందయ్యా! పంపు వేడిగా ఉందని రాస్తావా? నవ్విపోతారు. అక్కడ నీ చెల్లెలి ఇల్లుందని ఎవడైనా బయటపెడితే నీ ఉద్యోగం ఉంటుందా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. పరీక్ష తన సమక్షంలోనే జరిగిందని సంతకం పెట్టేశాడు. ఎప్పటిలాగే తిన్నగా పడింది. ఇన్నేళ్ల అలవాటు కదా!

గ్యాస్ వదిలాక చెల్లెలింటికి వెళ్తే ముందు గదిలో మంచం కనబడలేదు.

"అమ్మేదే?"

"వెనక గదిలోకి మార్చేశాను. కిటికీలోంచి గాలొస్తోందని ఒకటే సంబరం." చెల్లెలు నవ్వుతూనే అడిగింది. "చివరిదాకా కూర్చున్నావుగా?"

చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"కూర్చున్నానే," అన్నాడు.

ఛీ, ఎంత మాట అనేశాడు! ఆ క్షణంలో తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేకపోయాడు.

అప్పట్నుంచి ఆఫీసు అవగానే మడతకుర్చీ పట్టుకుని చెల్లెలింటికే వెళ్తున్నాడు. పెరట్లో, గోడకీ తల్లి కిటికీకీ మధ్య కూర్చుని, గ్యాస్ వాసన వస్తోందేమోనని గాలి పీలుస్తూ ఉంటాడు. తల్లంటే ఎంత ప్రేమో అని వీధంతా మెచ్చుకుంటోంది. మంచం ముందుకి మార్చమని ఒకసారి అననే అన్నాడు. "అమ్మ కాస్త నిద్రపోతుంటే నీకేమొచ్చింది అన్నయ్యా!" అని చెల్లెలు కసిరింది.

కిటికీ అవతల తల్లి చెయ్యి చాపి ఊచ పట్టుకుంటుంది.

"నువ్వు పక్కనుంటే ఇట్టే నిద్ర పట్టేస్తోందిరా," అంటుంది. "లేచి వెళ్లేటప్పుడు మాత్రం నాకు చెప్పి వెళ్లు."