ఖానాపూర్ బస్సు కోసం ఆగిన పాలు

నా మొదటి కాన్పు జరిగిన ఆసుపత్రి ఇప్పుడు లేదు. ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లుల వెనక, పత్తి నూగు ఎగిరివచ్చి కిటికీ ఊచలకు పట్టుకునే చోట ఉండేది. కాన్పుల వార్డు గోడ మీద 'నిశ్శబ్దము పాటించవలెను' అని ఒక పలక వేలాడేది. దాని కిందనే ఆయా నిలబడి, నొప్పులు పడే ఆడవాళ్లను వీధి చివరిదాకా వినపడేలా తిట్టేది. ఆ వార్డులో ఆ పలకను చదివినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటాను. డాక్టరు చదవగలడు గాని, ఆయన గోడల వైపు చూసేవాడు కాదు. మనుషుల వైపూ చూసేవాడు కాదు.

నాకు బడి ఇచ్చిన చదువు ఏడో తరగతి వరకే. మిగతాదంతా కరీంనగర్‌లో గ్రంథాలయం ఇచ్చింది. నన్ను కన్న అవ్వ నా చిన్నప్పుడే పోయింది. బాపు గ్రంథాలయానికి ఎదురుగా ఒక అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేవాడు. నన్ను ఇంట్లో ఒంటరిగా వదలలేక వెంట తెచ్చుకుని, లోపల బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. మొదట బొమ్మల పుస్తకాలు, తర్వాత రాజుల చరిత్రలు, తర్వాత నక్షత్రాల గురించి, పురుగుల గురించి. ఒక అరలో ఉన్నవన్నీ అయిపోతేనే పక్క అరకు పోయేదాన్ని. అలా వరసలో వచ్చిందే, అట్ట ఊడిపోయిన ఒక శిశుపోషణ పుస్తకం. గ్రంథపాలకుడు దాన్ని నా చేతిలో చూసి, "పెండ్లి గాని పిల్లకు గీ పుస్తకమెందుకే?" అన్నాడు.

"నక్షత్రాల పుస్తకం సుత చదివిన సార్. నేనేమన్న ఆకాశానికి పోతున్ననా?" అన్నాను. ఆయన ముద్ర వేసి ఇచ్చేశాడు.

ఆ పుస్తకంలో ముర్రుపాల మీద ఒక అధ్యాయం ఉంది. పుట్టిన బిడ్డకు తల్లి మొదటి పాలు, పసుప్పచ్చగా చిక్కగా వచ్చేవి, వెంటనే పట్టాలని, వాటిని పిండి పారబోయడం బిడ్డ నోటి కూడు తీయడమేనని అందులో రాసి ఉంది. నేను దాన్ని మళ్లీ మళ్లీ చదివాను. చదివింది మరిచిపోయే అలవాటు నాకు లేదు.

అవ్వ లేదు గనుక, తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలన్న మాట పక్కకు పోయి, అత్తగారి ఊళ్లోనే జరిగింది. డెబ్బైల మొదట్లో, పత్తి మిల్లులు ఆగకుండా తిరిగే చలికాలం. నా భర్త ఒక మిల్లులో గుమాస్తా. అత్త నన్ను ఆసుపత్రిలో చేర్చి, మంచం పక్కన చాప పరుచుకుని, వాము, వెల్లుల్లి కట్టిన మూట ముందు పెట్టుకుని, కోటకు కాపలా వచ్చినట్టు కూర్చుంది.

నేను నొప్పులు పడుతుంటే ఆయా, "ఏందే గా ఒర్రుడు? మొగని పక్కన నవ్వినప్పుడు యాదికి లేదా?" అంది. ఆమె ఈ మాట ప్రతి మంచానికీ అనేది. మనిషికో కొత్త తిట్టు కనిపెట్టే పాటి శ్రమ కూడా పడేది కాదు. బిడ్డ పుట్టగానే కాళ్లు పట్టి ఎత్తి చూసి, "పొల్ల" అని, అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టింది. మగపిల్లవాడైతే ఆమెకు చీర వస్తుంది. ఆడపిల్లకు బెల్లం ముక్కే.

బిడ్డను పక్కలో వేయగానే నేను రవిక ముడి విప్పబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆగాగు. మీ వదినె రావద్దా? రొమ్ము కడగద్దా?"

ఆ ఇంట్లో అదొక ఆనవాయితీ. బిడ్డ మేనత్త ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి, గరికపోచలతో తల్లి రొమ్ము కడగాలి. మొదటి పాలు పిండి పారబోయాలి. మేనత్తకు చీర పెట్టాలి. ఆ తర్వాతనే బిడ్డ నోరు రొమ్ముకు తగలాలి. అంతవరకు బిడ్డకు చక్కెర నీళ్లలో ముంచిన దూది వత్తి. మేనత్త పక్క వీధిలో ఉంటే ఈ ఆనవాయితీ ఎలాగో గట్టెక్కుతుంది. నా భర్త అక్క, మా వదిన, ఖానాపూర్‌లో ఉండేది. అదీ పెద్ద ఆపద కాదు. ఆమె అలిగి ఉంది.

అలకకు కారణం నా శ్రీమంతం. దానికి ఆమెను పిలవడానికి మనిషిని పంపకుండా, అత్త ఖానాపూర్ బస్సు కండక్టరుతో మాట పంపింది. అతను బస్సు దిగకుండానే వదిన ఇంటి ముందు హారను కొట్టించి, "అమ్మా, గురువారం శ్రీమంతమట, రమ్మన్నరు!" అని తలుపులో నుంచి అరిచి పోయాడట. ఆడబిడ్డను పిలవాలంటే తమ్ముడు కుంకుమ భరిణెతో గడపలోకి రావాలి. బస్సులో వాళ్లందరి ముందు తన పరువు పోయిందని వదిన రాలేదు. ఇది అత్తకు తెలియనిదా? బాగా తెలుసు. మరి బిడ్డ పుట్టిన పూట ఏం చేసింది? బస్టాండుకు పోయి, అదే కండక్టరుతో మళ్లీ మాట పంపింది.

"పత్తి దినాలు. మిల్లు ఇడిసిపెట్టి పోరడు ఎట్ల పోతడు? ఆమెకు గా మాత్రం సమజ్ కాదా?" అంది నాతో.

తిరుగు బస్సులో జవాబు వచ్చింది. కండక్టరు ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాడట: "బస్సు వచ్చి పిలిసింది గద, బస్సునే కడుగుమన్నది."

తల్లీకూతుళ్ల పంతం ఆదిలాబాద్‌కూ ఖానాపూర్‌కూ మధ్య టికెట్టు లేకుండా తిరుగుతుంటే, నా కూతురు దూది చీకుతూ పడి ఉంది.

మరునాడు పొద్దుటికి నా రొమ్ములు రాళ్లయ్యాయి. రవిక తడిసిపోయింది. బిడ్డ పెదవులు ఎండాయి. అన్నిటికన్నా, ఏడుపు సన్నబడింది. గట్టిగా ఏడ్చే బిడ్డకు భయపడనక్కర లేదని, ఏడవడం మానిన బిడ్డకే భయపడాలని కూడా ఆ పుస్తకంలోనే చదివాను.

"అత్తా, మొదటి పాలే పట్టాలని పుస్తకంల ఉన్నది. పిల్ల ఎండిపోతున్నది, జర సూడు" అన్నాను.

"పుస్తకం ఎంతమందిని కన్నది?" అంది అత్త. "నేను ఎనమండుగురిని కన్న."

ఎనమండుగురిలో బతికినది ఇద్దరే. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. గ్రంథాలయంలో పెరిగినదాన్ని. ఎక్కడ నోరు మూసుకోవాలో ఆ బెంచీ మీదనే నేర్చుకున్నాను.

పక్క మంచం మీద ఒక ముస్లిం ఆమె ఉండేది. మూడో కొడుకును కన్నది. ఆమె భర్త మా ఆయన పనిచేసే మిల్లులోనే పత్తి తూచేవాడు. ఆమె ఇంట్లోనూ తేనె నాకించనిదే పాలు పట్టరట. కాని తేనె సీసా ఆమె దిండు కిందనే ఉంది. దానికి బస్సు ఎక్కి రావలసిన పని లేదు. కొడుక్కు పాలిస్తూ మా గొడవంతా విని, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

కొంతసేపటికి డాక్టరు వచ్చాడు. వెనక ఇద్దరు ముగ్గురు. మంచానికి వేలాడే అట్టను చేతిలోకి తీసుకుని, దానితోనే మాట్లాడాడు.

"బిడ్డ నీరసంగా ఉందేం? పాలు పట్టడం లేదా?"

"రొమ్ము కడగలే సారూ" అంది అత్త.

ఆయన అప్పుడు నన్ను చూశాడు. "చదువూ సంధ్యా లేని వాళ్లతో ఇదే చావు. ఏమ్మా, మనం ఇరవయ్యో శతాబ్దంలో ఉన్నాం, తెలుసా?"

తెలుసు. అంతకు ముందు శతాబ్దాల సంగతి కూడా కొంత తెలుసు. ఆ గదిలో బిడ్డకు పాలు పట్టనీయండి అని మొత్తుకుంటున్నది నేను. చదువులేనిదాన్ననిపించుకున్నదీ నేనే.

"నేను చదివిన సార్. పుట్టంగనే మొదటి పాలు పట్టాలని..."

"ఏం చదివావు? వారపత్రికలా?" వెనక ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు అయ్యాక ఆయన తన శాస్త్రం విప్పాడు. "ఈ రెండు మూడు రోజులు వచ్చే వాటిలో ఏమీ ఉండదమ్మా. అసలు పాలు ఇంకా రాలేదు. డబ్బా పాలు పట్టండి." చీటీ రాసిచ్చి పక్క మంచానికి పోయాడు. నా రవిక తడి ఆయన చూడలేదు. అది అట్ట మీద రాసి లేదు మరి.

చాలా ఏళ్లకు, తొంభైలలో, ఒక బంధువు కాన్పుకు కరీంనగర్‌లో ఒక నర్సింగ్ హోంకు పోయాను. ముర్రుపాలు అమృతమని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దాని కింద ఇంకో డాక్టరు, "ముర్రుపాలు పారబోస్తారా? చదువులేని జనం!" అని ఒక ముసలమ్మను తిడుతున్నాడు. శాస్త్రం మారింది. గొంతు మారలేదు.

ఆ రోజు మా డాక్టరు అటు పోగానే అత్త మొహం వెలిగిపోయింది. "ఇన్నవా? గా పాలల్ల ఏం లేదని డాక్టరే అన్నడు."

"డబ్బ పాలన్న తెప్పియ్యి మరి" అన్నాను.

"డబ్బల పాలు మనింట్ల ఎవ్వలు తాగలే. బర్రెయో గాడిదయో ఎవలకెరుక?" అని ఆ చీటీలో వాము పొట్లం కట్టింది. డాక్టరు చెప్పిన రెండు మాటల్లో తనకు అక్కరకొచ్చేది ఉంచుకుని రెండోది పారేసింది.

అయినా బిడ్డ వాలకం చూసి ఆమెకూ లోపల గుబులు పుట్టినట్టుంది. మిల్లుకు కబురు చేసి కొడుకును పిలిపించింది. ఆయన వచ్చి కిటికీ అవతల నిలబడితే, ఖానాపూర్ పోయి అక్కను పిలుచుకురమ్మంది.

"మిల్లు ఇడిసిపోతే సేటు ఊకుంటడా అవ్వా?"

"మీ అక్క కంటె సేటు నయం. పో, భరిణె పట్టుకపో. గడపల అడుగు పెట్టినంకనే నోరు ఇప్పు."

ఆయన నన్ను ఏమీ అడగలేదు. అక్క గడప ఏ కాలితో తొక్కాలో తల్లిని అడిగి పోయాడు. ఆయనను బస్సు ఎక్కించి వస్తానని అత్త కూడా బస్టాండుకు బయలుదేరింది.

ఆమె వార్డు తలుపు దాటగానే పక్క మంచం ఆమె లేచి కూర్చుంది.

"పోయింది గద మీ అత్త. పట్టు పాలు."

"కడగకుంట పాలు పడితే, రేపు దీనికి తుమ్ము వచ్చినా దగ్గు వచ్చినా నా మీదనే ఏస్తరు ఆపా. బతికినన్నాళ్లు ఏస్తరు" అన్నాను. అది నిజం. ఆ ఇంటి సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.

ఆమె కొడుకును దిండు పక్కన పడుకోబెట్టి నా వైపు తిరిగింది. "నీ మొగడు నన్ను ఏమని పిలుస్తడు?"

"ఆపా అంటడు."

"ఆపా అంటే?"

"అక్క."

"మొగని అక్క నీకేమైతది?"

నొప్పిలో కూడా నాకు నవ్వు వచ్చింది. "ఆడిబిడ్డ."

"ఇగ ఫికరెందుకు? నేను అలుగలే సుత" అంటూ మంచం దిగి వచ్చింది. ఇత్తడి చెంబు లేదు, గరిక లేదు. గ్లాసులో నీళ్లతో కొంగు కొస తడిపి, "బిస్మిల్లా" అని నా రొమ్ము తుడిచింది. "అయిపాయె. నాకు చీర గీర వద్దు. పట్టు."

బిడ్డ మొదట నోరు తెరవలేదు. ఆమె వేలితో దాని గదుమ కదిలించింది. ఒక చుక్క పెదవి మీద పడింది. పుస్తకంలో రాసిన రంగే. నాలుక బయటికి వచ్చి దాన్ని నాకింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పవలసిన పని లేకపోయింది.

అత్త తిరిగి వచ్చేసరికి బిడ్డ నిద్రపోతోంది. "సూసినవా, షక్కర్ నీళ్లకే ఎట్ల నిమ్మలపడ్డదో!"

"మస్తు బలముంటది అవ్వా షక్కర్ల" అంది ఆపా, గోడవైపు తిరిగి.

అప్పటినుంచి ప్రతి ఖానాపూర్ బస్సుకూ అత్త బస్టాండుకు పోవడం, నేను దుప్పటి కప్పుకుని గోడవైపు తిరగడం. అంత చిన్న ఊరికి అన్ని బస్సులున్నాయని నాకు తెలియదు. ఆర్టీసీ వాళ్లను నేను మనస్ఫూర్తిగా దీవించింది ఆ ఒక్కసారే.

మరునాడు మధ్యాహ్నం వదిన వచ్చింది. పట్టుచీర, చేతిలో తళతళలాడే చెంబు, వెనక సంచి మోస్తూ తమ్ముడు. చీర పెట్టేటప్పుడు తనకూ ఏమైనా అందుతుందేమోనని ఆయా కూడా వచ్చి నిలబడింది. వదిన వార్డంతా వినేలా, "తమ్ముడు గడపలకొచ్చి బొట్టు పెట్టిండు, వచ్చిన. లేకుంటే గీ జన్మల రాకపోదును" అంది. చెంబు కింద పెట్టి బిడ్డను ఎత్తుకుంది. "అయ్యో నా తల్లీ! మేనత్త రాక, పాలు లేక, ఎట్ల ఎండిపోయినవే!" అని భుజాన వేసుకుని వీపు మీద చరిచింది.

నా కూతురు అప్పుడే కడుపునిండా తాగి ఉంది. ఆ పట్టుచీర మీద, భుజం నుంచి కొంగు దాకా, పాలు కక్కింది.

వదిన ఆ పాల మరకను చూసింది. చెంబును చూసింది.

"నేనింక కడగనే లేదు గదనే! గీ పాలు ఏడికెళ్లి వచ్చినయి?"

అప్పుడు పక్క మంచం మీద నుంచి ఆపా నెమ్మదిగా, "కండక్టర్‌తోని పంపిన్రు గావచ్చు" అంది.

వార్డంతా గొల్లుమంది. ఆయా కూడా నవ్వింది, నిశ్శబ్దము పలక కిందనే నిలబడి. వదిన బిడ్డను నా ఒడిలో పడేసి, చెంబులో నీళ్లు నేల మీద కుమ్మరించి, వచ్చిన బస్సుకే పోతానని బయటికి నడిచింది. అత్త నన్ను చూసింది, బిడ్డను చూసింది, తలుపును చూసింది. "ఓ బిడ్డా, ఆగే!" అంటూ కూతురి వెనక బస్టాండు దిక్కు ఉరికింది.

నా భర్త సంచి పట్టుకుని మంచాల మధ్య నిలబడిపోయాడు.

"ఏం జేసినవే నువ్వు?"

"పాలు పట్టిన" అన్నాను.

కక్కిన బిడ్డకు మళ్లీ ఆకలి వేసింది. ఏడ్చింది. ఈసారి సన్నగా కాదు, మిల్లు సైరను లాగా. నేను రవిక ముడి విప్పాను. దుప్పటి కప్పుకోలేదు, గోడవైపు తిరగలేదు. ఆయన ఇంకా నన్నే చూస్తూ ఉన్నాడు.

"ఊకె సూసుడేంది? జర గా కిటికీ మూయరాదు. పిల్ల మీద నూగు పడుతున్నది" అన్నాను.

ఆయన సంచి కింద పెట్టి, పోయి కిటికీ మూశాడు.