ఒడ్డుకెక్కిన ఓడ, ఒక ఉత్త క్లిక్కు

గాజువాకలో నా స్టూడియోకి అప్పట్లో గిరాకీ చాలావరకు ఉక్కు ఫ్యాక్టరీ దరఖాస్తులదే. ఉన్న ఒక్క కోటూ వచ్చినవాళ్ళందరికీ తొడిగి పాస్‌పోర్టు ఫొటోలు తీసేవాణ్ణి. ఆ బిగుసుకున్న మొహాలు చూసీ చూసీ విసుగొచ్చిన ఆదివారాల్లో కెమెరా మెడలో వేసుకుని సైకిలు మీద సముద్రం వైపు పోయేవాణ్ణి.

అక్కడ ఒక జాలరి పల్లె ముందు, తుఫానుకి ఒడ్డుకెక్కిన సరుకుల ఓడ ఇసుకలో కూరుకుపోయి ఉండేది. డెబ్బైల చివర్లో మొదటిసారి చూసినప్పుడు దాని రంగు కూడా పూర్తిగా పోలేదు. ఏడాదికి రెండు మూడుసార్లు, ఒకే బండ మీద నిలబడి, ఒకే కోణంలో దాన్ని తీయాలని పట్టుబట్టాను. తుప్పు ఎంత పాకిందో, ఏ రేకు ఎప్పుడు ఊడిందో వరసగా కనబడాలి. ఫ్రేములో మనిషన్నవాడు ఉండకూడదు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఆ పల్లెలో నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు ఒకడు నాతో స్నేహం కట్టాడు. తుఫాను వెలిసిన ఉదయం, అలలు ఇంకా తగ్గకముందే తెప్ప వేసుకుపోయి ఆ ఓడలోని ఐదుగురిని ఒడ్డుకి చేర్చింది అతనే. పేపర్లో ఓడ పేరు వచ్చింది గానీ అతని పేరు రాలేదు.

"ఓడ కాడ నన్నొక్కటి తియ్ బావా. రేపిది కూలిపోతే, మనుసుల్ని దింపినోణ్ణి నాను అంటే నా మనవలు కూడా నమ్మరు" అనేవాడు.

"ముందు పక్కకి జరుగు బావా, ఎండ పోతోంది" అనేవాణ్ణి.

నవ్వి జరిగేవాడు. జరగడమే కాదు, అటుగా వచ్చే కుక్కల్నీ, వలలు ఆరేసేవాళ్ళనీ కూడా నాకోసం తనే అదిలించేవాడు. పెళ్ళిళ్ళకి వాడగా రీలులో మిగిలేవి ఒకటీ రెండు ఫొటోలే. అవి ఓడకే సరిపోయేవి. "వచ్చేసారి" అంటూ ఏళ్ళు గడిపేశాను.

ఒక ఆదివారం అతను తలంటుకుని, తెల్ల చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. "ఈయాల మాత్రం ఒగ్గను బావా" అన్నాడు. రీల్లో ఆఖరిది అప్పుడే ఓడకి వాడేశాను.

మా వృత్తిలో ఒక పాడు అలవాటుంది. పెళ్ళిళ్ళలో నన్ను తీయండి, నన్ను తీయండి అని మీద పడేవాళ్ళందరికీ ఫిల్ము పెట్టలేం. ఉత్త ఫ్లాష్ వెలిగించి, బ్రహ్మాండంగా వచ్చిందంటాం. వాళ్ళూ మర్చిపోతారు, మేమూ మర్చిపోతాం. ఆ రోజు నోటితో 'రీలు అయిపోయింది' అని చెప్పడానికి బద్ధకించి అతన్ని ఓడ ముందు నిలబెట్టాను. గడ్డం ఎత్తమన్నాను. క్లిక్కుమనిపించాను. అతను ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. సిగ్గు లేని పని చేశాను.

మళ్ళీసారి నిజంగానే తీద్దామనుకున్నాను. ఈలోగా వానాకాలం వచ్చి ఓడ పైభాగమంతా విరిగి నీళ్ళలో పడిపోయింది. మిగిలిన దాన్ని చూస్తే ఓడ అని ఎవరూ అనుకోరు.

"నా ఫొటో ఏటయ్యింది బావా?" అని అడిగాడు.

"ఇంకా కడగలేదు" అన్నాను. ఆ తర్వాత అతనికి మొహం చూపించలేక అటు పోవడమే మానేశాను. నా ఓడ ఫొటోల వరస అక్కడితో ఆగిపోయింది.

ఏడాది తిరక్కుండానే అతని భార్య స్టూడియో మెట్లెక్కింది. అతను కామెర్లతో పోయాడట. పెద్దకర్మకి పెట్టుకోవడానికి ఇంట్లో ఒక్క ఫొటో లేదట.

"ఓడ కాడ నువ్వు తీసినావంట కదా బాబూ, అదియ్యి."

"కడిగేటప్పుడు పాడైపోయిందమ్మా" అన్నాను. నిజం చెబితే పోయినవాడి సంతోషం కూడా లాక్కున్నట్టవుతుందని అప్పుడు నాకు నేను సర్ది చెప్పుకున్నాను. కాదు, నా పరువు కాపాడుకున్నాను.

"పోన్లే బాబూ, నువ్వేటి సేత్తావు. నాకు ఫొటో తీసారని పల్లంతా సెప్పుకున్నాడు." మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగి, "ఉత్త ఓడదైనా ఒకటియ్యి" అంది.

ఉన్నవాటిలో మంచిది ఎంచి, పెద్దది చేసి, అద్దం కట్టించి నేనే పట్టుకెళ్ళాను. పెద్దకర్మ నాడు దానికి బొట్టు పెట్టి, దండ వేసి, దాని ముందు విస్తరి వేసి అతనికి ఇష్టమైనవన్నీ వడ్డించారు. పొరుగూరి నుంచి వచ్చిన ముసలామె ఒకావిడ అద్దం దగ్గరికి వంగి చూసి, "ఇందులో ఆడేడే?" అని అడిగింది.

అతని భార్య, ఫొటో అంచుకి అవతల, ఉత్త గోడ మీద వేలు పెట్టి చూపించింది.

"ఈ పక్కనే ఉన్నాడు పిన్నీ. బాబు ఫొటో తీసుకుంతన్నాడని జరిగినాడు."