పొట్టేలు ఒప్పుకోలు

మా వైపు కొలుపుల్లో అమ్మవారికి పొట్టేలును కొట్టే ముందు దాని అనుమతి అడుగుతారు. మెడలో వేపమండలు కట్టి, గుడి ముందు నిలబెట్టి, తల మీదా వెన్ను మీదా పసుపునీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఒప్పుకోనట్టు, అలాంటి జీవాన్ని కొట్టకూడదు, వదిలేయాలి. నేను పశువైద్యురాలిని కాబట్టి ఈ ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఏం జరుగుతుందో నాకు తెలుసు. చర్మం మీద చల్లటి నీరు పడితే అక్కడి నాడుల కొసలు స్పందిస్తాయి. ఆ సంకేతం వెన్నుపాము మీదుగా కండరాలకు చేరుతుంది. జంతువు వణికి తడి దులుపుకుంటుంది. వానలో తడిసిన వీధికుక్క చేసేదీ ఇదే. అది దేనికో ఒప్పుకుందని ఎవరూ అనరు.

నేను మాంసం తింటాను. నెత్తురంటే నాకు జంకు లేదు. చచ్చి కుళ్ళిన దూడను గేదె గర్భంలోంచి ముక్కలుగా బయటికి తీసి, చేతులు కడుక్కుని, ఆ మధ్యాహ్నమే అన్నం తిన్న రోజులున్నాయి. నాకు కడుపులో తిప్పేది ‘ఒప్పుకుంది’ అన్న ఆ ఒక్క మాట వింటే.

పర్చూరు అవతల నల్లరేగడి పల్లెలో మా పిన్ని వాళ్ళది పత్తి, మిరప సేద్యం. ఒక ఏడు ఆవిడ మనవరాలికి జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. పిల్ల గుంటూరు ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నప్పుడు, బతికితే ఇంట్లో పెరుగుతున్న పొట్టేలును ఇస్తానని పిన్ని పోలేరమ్మకు మొక్కుకుంది. పిల్ల బతికింది. మరుసటి కొలుపులకు నన్నూ రమ్మని కబురు పెట్టారు.

ఆ పొట్టేలు పుట్టగానే తల్లి చచ్చిపోతే, దాన్ని పాలసీసాతో బతికించింది పిన్నే. చలికాలం గోనెపట్టా కప్పేది. కల్లంలో మిరపకాయలు ఎండబోసిన రోజుల్లో ఘాటుకు దాని ముక్కు కారుతుందని ఇంటి వెనక్కి మార్చి కట్టేది. వారం వారం కుంకుడురసంతో రుద్ది, నీళ్ళు పోసి, పాత చీరతో తుడిచేది. ఆవిడ ప్రేమ అబద్ధమని నేను అనను. అబద్ధమైతే ఇదంతా ఇంత రోతగా ఉండేది కాదు.

గుడి ముందు పసుపునీళ్ళు చల్లారు. పొట్టేలు కదలలేదు. ఇంకో చెంబు పోశారు. అది కళ్ళు సగం మూసి, హాయిగా మెడ చాచింది. డప్పులు జోరందుకున్నాయి. చెంబు వదిలి బిందె అందుకున్నారు. వెన్ను మీంచి నీళ్ళు కారుతున్నాయి గానీ విదిలింపు లేదు.

“ఏమే, నీ పెద్దకొడుకు మొండికేశాడే!” అన్నాడు బాబాయి.

“మొండి కాదయ్యా, అమ్మగారు వారం వారం తలంటుతదిగా, స్నానమనుకుంటన్నాడు. సబ్బేదీ అని చూస్తన్నాడు!” డప్పు ఆపి ఒకాయన అన్న మాటకు జనమంతా పగలబడి నవ్వారు.

బాబాయి నా వైపు తిరిగాడు. “ఏమ్మా డాక్టరమ్మా, మీ డిపార్ట్‌మెంటేగా ఇది! ఒప్పుకోడానికి ఓ సూది ఉంటే వెయ్యరాదూ?”

“ఒప్పుకోకపోతే వదిలెయ్యాలిగా బాబాయ్” అన్నాను.

నవ్వులు ఆగాయి. పిన్ని పక్కనున్న ముసలామె, ఆవిడ ఆడబిడ్డ, గొంతు తగ్గించి అంది. “వదిలేత్తే మొక్కు తీరనట్టేగా. అమ్మ వద్దందంటే, రేపు పిల్ల మీదికి మళ్ళీ…”

“నోరు ముయ్ వదినా!” పిన్ని అరిచింది. ఆ అరుపులో కోపం కంటే భయమే ఎక్కువగా వినిపించింది. పొట్టేలు బతకాలని అక్కడ కోరుకున్నది నేనొక్కదాన్నే అనుకోను. ఆవిడ కూడా కోరుకుని ఉంటుంది. కానీ ఆవిడకు ఒక పక్క పొట్టేలు, ఇంకో పక్క మనవరాలు.

పిన్ని దాని దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో మొహం పట్టుకుంది. “ఒప్పుకో నా తండ్రీ. పిల్ల కోసం ఒప్పుకో నాయనా.” అది శనగలున్నాయేమోనని ఆవిడ అరచేతిని నాకింది.

మా నేల గొర్రెలకు చెవులు పొడుగ్గా వేలాడుతుంటాయి. పైనుంచి ఎన్ని నీళ్ళు పోసినా చెవిరంధ్రంలోకి చుక్క దిగదు. పిన్ని పమిట కొంగుతో దాని మొహం తుడుస్తున్నట్టుగా వంగి, ఎడమ చెవి తమ్మె పైకెత్తి, తడిసిన కొంగును అందులోకి పిండింది. వానాకాలంలో ఆ చెవికే చీము పట్టింది. చుక్కల మందు చెప్పింది నేనే. మందు పడగానే విదిలించేస్తుంది, తల గట్టిగా పట్టుకోమని ఫోనులో హెచ్చరించిందీ నేనే. ఈసారి ఆవిడ పట్టుకోలేదు, వదిలింది.

తల నుంచి తోక దాకా ఒళ్ళంతా విదిలించింది పొట్టేలు. పసుపునీళ్ళు నా చీర మీద చిందాయి.

“ఒప్పుకుంది! ఒప్పుకుంది!” అని కేకలు. ముసలామె చెంపలు వేసుకుంది. కత్తి పట్టుకుని ఆగి ఉన్న మనిషి ముందుకొచ్చాడు. పిన్ని గుడి గోడ వైపు తిరిగి నిలబడింది.

తరువాతి పని చాలా మామూలుగా జరిగిపోయింది. తలకాయను మంట మీద కాలుస్తుంటే వెంట్రుకల కమురు వాసన వీధి చివరి దాకా వ్యాపించింది. కుళాయి దగ్గర పేగులు కడుగుతుంటే సగం అరిగిన సుబాబుల్ ఆకు పచ్చని ముద్దలుగా కాలువలోకి జారింది. ఈగలు ముసిరాయి. వచ్చినవాళ్ళందరూ పిన్నిని ఓదారుస్తున్నారు. “మంచి జీవమమ్మా, ఇష్టంగా పోయింది.” “పుణ్యం చేసుకుంది, వచ్చే జన్మకి మనిషై పుడతది.” చచ్చినదాని నోట తాము కోరిన మాట పెట్టి, ఆ మాటతోనే కన్నీళ్ళు తుడుచుకుంటున్నారు. అంతలో పొయ్యి మీద మిరపకారం, అల్లం, కొవ్వు కలిసి వేగుతున్న వాసన వచ్చింది, నా నోట్లో నీళ్ళూరాయి. ఆ ఊటను నేను పిలవలేదు, ఆపలేకపోయాను కూడా. మింగాను.

పందిట్లో విస్తళ్ళు వేశారు. పిన్ని గిన్నె చంకన పెట్టుకుని తనే వడ్డిస్తోంది. ఏడ్చిన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నా దగ్గరికి రాగానే అన్నాను:

“చెవిలో నీళ్ళు పడితే ఏ గొర్రెయినా విదిలిస్తుంది పిన్నీ.”

గరిటె ఆగలేదు. కూరలో కార్జం ముక్క కోసం వెతుకుతూ మెల్లగా అంది. “నాకు తెలీదటే? పిండింది నేనేగా.”

తరువాత నా మొహంలోకి చూసింది. “పిల్ల నిన్న బళ్ళో పాట పాడిందంట. అమ్మవారికి ఇస్తానన్నాను, ఇచ్చాను. ఇప్పుడు నువ్వు తింటావా, మీ బాబాయికి వెయ్యమంటావా?”

నేను విస్తరి ముందుకు జరిపాను. కార్జం ముక్క వేసి, పైన పులుసు పోసి, ఆవిడ పక్క విస్తరి దగ్గరికి వెళ్ళింది. అక్కడ కూర్చున్నది వాళ్ళ వియ్యపురాలు.

“చూశావా వదినా, ఒళ్ళంతా విదిలించి ఎంత నిండుగా ఒప్పుకుందో” అంటోంది పిన్ని.