జాబితాలో తొమ్మిదో మాట

2022లో నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక డయాలసిస్ కేంద్రంలో రోగుల బరువులు రాసే గుమస్తాని. చదివింది పదో తరగతే. కంప్యూటరులో పట్టికలు వేయడం సొంతంగా నేర్చుకున్నాను. కిడ్నీలు పనిచేయనివారికి ఒంట్లో నీరు నిలిచిపోతుంది. ఆ అదనపు నీరు లేనప్పటి బరువును ‘డ్రై వెయిట్’ అంటాం. దానికంటే ఎంత పెరిగి వచ్చారో చూసి మిషన్ పెడతారు. అందుకే వాళ్ళు నీళ్ళు కొలిచి తాగాలి.

ఇరవై ముగ్గురు రోగులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. అడ్మిన్‌ని నేనే. వాడకూడని మాటలు పద్నాలుగు రాసిపెట్టాను. మూడుసార్లు వాడితే వారం రోజులు బయటే. తొమ్మిదో మాట ‘ఒరే’.

భావనపాడులో చేపలమ్మే పోలమ్మప్పకు ఆ మాట లేకుండా నోరు తెరవడం రాదు. తనూ రోగే. రోజూ పొద్దున్నే ఆమె వాయిస్ మెసేజ్ వచ్చేది: “ఒరే అప్పన్నా, సెంబు కింద ఎట్టు! దాహమేస్తే ఐసుముక్క బుగ్గనెట్టుకో. సేపలైసు కాదురోయ్, ఫ్రిజ్జు ఐసు!”

నేను విని ఊరుకునేవాణ్ణి. కొత్తగా చేరిన రిటైర్డ్ మాస్టారు ఊరుకోలేదు. “అరవై దాటినోణ్ణి, నలుగురిలో నన్ను ఒరే అంటాదేటండీ? గ్రూపుకి రూలున్నాదా, లేదా?”

లెక్కపెట్టాను. ఆ వారంలో పదకొండు ‘ఒరే’లు. ఆమెను గ్రూపులోంచి తీసేశాను.

అప్పన్న ఒకప్పుడు సముద్రంలో చేపల వేటకెళ్ళిన మనిషి. డ్రై వెయిట్ 52. రెండు కిలోలకు మించి పెరిగేవాడు కాదు. పోలమ్మప్ప లేని ఆ వారం మొదటిసారి మిషన్‌కి వచ్చినప్పుడు మూడు పెరిగాడు, రెండోసారి 3.8. గుమ్మం దాకా వచ్చేసరికే ఆయాసం. ఇంకోసారి ఇలా వస్తే గుండె తట్టుకోదని నర్సమ్మ హెచ్చరించింది.

“ఏటి అప్పన్నా, ఇంత తాగీసినావు?” అని అడిగాను.

“తిట్టీవోలు లేపోతే సెంబు ఆగట్లేదు బావా.”

పోలమ్మప్ప మంచం దగ్గరికి వెళ్ళాను. ఆమె నా వైపు చూడలేదు.

“ఒరే అంటే తిట్టేటి? నా పెద్దోణ్ణి అలగే పిలిసీదాన్ని. ఆడికీ ఇదే జబ్బు. ఈ మిషన్ దాకా రాకుండానే పోనాడు.”

మర్నాడు నా పట్టికలో ఒక గడి కొత్తగా చేర్చాను: ‘ఒరే అనవచ్చా?’ ఒక్కొక్కరినీ అడిగి నింపాను. పద్దెనిమిది మంది అనొచ్చన్నారు, నలుగురు వద్దన్నారు. పోలమ్మప్పను తిరిగి చేర్చాను. తర్వాతి వారం అప్పన్న 2.4 పెరిగి వచ్చాడు.

మిగిలిన పదమూడు మాటలూ జాబితాలోనే ఉన్నాయి. మిషన్ మానేసి పసరు తాగమనే మెసేజీలను ఇప్పటికీ ఎవరినీ అడగకుండానే తీసేస్తాను. అయితే 55 కిలోలు ఒకరికి మామూలు బరువు, అప్పన్నకు ప్రమాదం. మనిషిని బట్టి అంకె చూడటం తెలిసినవాణ్ణి, మాట దగ్గర ఆ సంగతి మరిచిపోయాను.

మాస్టారి గడిలో ‘వద్దు’ అనే ఉంది. పోలమ్మప్ప ఆ హద్దు దాటలేదు.

“మాస్టారండీ, నిన్న తమరు మూడు గ్లాసుల నీళ్ళు లాగించీసినారట. సిగ్గుండాల తమరికి!”

ఆయన నాకు ఫోన్ చేశారు. “ఈ ‘సిగ్గుండాల’ అన్న మాట మీ జాబితాలో లేదేటండీ?”

“లేదండీ. చేర్చమంటారా?”

“ఉండనీండి,” అన్నారు.