కట్టమ్మ రాసిన స్లైడు

మానుకోటలో పాత టాకీసు కూల్చి ఫంక్షన్ హాలు కట్టి పదేళ్లు దాటింది. కట్టమ్మకు అరవై రెండేళ్లు నిండాయి. అయినా బజారుకు వెళ్తే ఆ తరం ఆడవాళ్లు ఆమెను 'స్లైడు కట్టమ్మ' అనే పిలుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు.

నలభై ఏళ్ల కిందటి మాట. టాకీసులో ఆడవాళ్ల టికెట్ కౌంటర్ ఆమెది. గేటు దగ్గర టికెట్లు చింపే పని వాళ్ల నాయినది. పదో తరగతి చదివింది, చేతిరాత గుండ్రంగా ఉంటుంది కనుక ఇంటర్వెల్‌లో తెర మీద వేసే మనవులు కూడా ఆమే రాసేది. గాజు ముక్కకు దీపం మసి పట్టించి సూదితో గీకితే స్లైడు తయారయ్యేది. దాన్ని సినిమా మిషన్‌లో పెట్టగానే అక్షరాలు తెర నిండా వెలిగేవి. సైకిళ్లకు తాళం వేసుకోవలెను, ముందు కుర్చీల మీద కాళ్లు పెట్టరాదు లాంటి మాటలన్నమాట.

ఆమె మీద ఇద్దరు మనసు పడ్డారు. ఒకడు మేనేజరు జగపతి. భూములున్న ఇంటి బిడ్డ, జీపులో మైకు పట్టుకుని ఊరూరా కొత్త సినిమా గురించి గొంతు చించుకునేవాడు. రెండోవాడు చిట్యాల నుంచి వచ్చిన మిషన్ ఆపరేటర్ మల్సూరు. మైకు చేతికిచ్చినా మాట్లాడే రకం కాదు. కట్టమ్మ మనసు మాత్రం మూడేళ్లుగా ఆ ఉలకని పలకని మొద్దు మీదే ఉంది. ఒక్కసారి నోరు తెరిచి అడిగితే చాలని ఎదురుచూసేది.

వాడు అడగలేదు సరికదా, జగపతితో పందెం కాశాడు. జనగామ నుంచి రైల్లో కొత్త సినిమా డబ్బాలు దిగిన రోజు ఇద్దరూ టీ కొట్టు దగ్గర మాట అనుకున్నారు. సినిమా యాభై రోజులు ఆడితే కట్టమ్మ జగపతిది. ముందే ఎత్తేస్తే మల్సూరుది. ఓడినవాడు తప్పుకోవాలి. టీ చల్లారకముందే ఆ కబురు కౌంటర్‌కు చేరింది. కట్టమ్మకు ఒళ్లు మండిపోయింది. జగపతి మీద కంటే మల్సూరు మీదే ఎక్కువ మండింది.

నలభై ఎనిమిదో రోజుకు హాలు సగం కూడా నిండడం లేదు. జగపతి కౌంటర్ దగ్గరికి వచ్చి నసిగాడు.

"కట్టమ్మా, సినిమా మంచిగున్నదని ఆడోళ్లకు జర చెప్పు. ఇంక రెండు రోజులు నడిస్తే సాలు."

"నడిస్తే ఏమైతది సారూ?"

ఆయన గబగబా జీపెక్కాడు.

ఆ మధ్యాహ్నం కట్టమ్మ కొత్త గాజు ముక్క తీసింది. స్లైడును మిషన్‌లో తలకిందులుగా పెట్టాలి కనుక మల్సూరుకు చదివే అలవాటు లేదు. ఇచ్చింది ఇచ్చినట్టే తోసేశాడు. తెర మీద ఇలా వెలిగింది: "మనవి: కట్టమ్మ పెండ్లి సంగతి కట్టమ్మనే అడగవలెను. ఇట్లు, యాజమాన్యం."

హాలంతా నోరు వెళ్లబెట్టింది. తర్వాత ఆడవాళ్ల వైపు మొదలైన చప్పట్లు ఇంటర్వెల్ అయిపోయినా ఆగలేదు. కబురు ఊళ్లకు పాకింది. నర్సింహులపేట నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. సినిమా కోసం కాదు, ఎవరు అడుగుతారో చూద్దామని. యాభయ్యో రోజు మ్యాట్నీకి మగవాళ్ల కౌంటర్ దగ్గర హౌస్‌ఫుల్ బోర్డు పడింది, ఆడవాళ్ల లైను ఇంకా సాగుతూనే ఉంది.

పందెం ప్రకారం గెలిచింది జగపతి. పూలదండ, మిఠాయి పొట్లం పట్టుకుని నేరుగా గేటు దగ్గర ఉన్న నాయిన వద్దకు వెళ్లాడు. ఆయన టికెట్లు చింపడం ఆపలేదు.

"నన్నెందుకు అడుగుతున్నవు సారూ? గంత పెద్ద అక్షరాలతోని రాసింది గదా. నాకైతే సదువు రాదు, నీకొచ్చు గదా."

జగపతి కౌంటర్ వైపు తిరిగాడు. "పందెం గెలిచిన, కట్టమ్మా."

"గెలిచింది సినిమా సారూ. దండ దానికే ఎయ్యుండ్రి."

లైనులో ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. జగపతి ఆ దండను ఏం చేయాలో తెలియక నిజంగానే పోస్టర్‌కు తగిలించి వెళ్లిపోయాడు.

అప్పుడు మల్సూరు మిషన్ కేబిన్ మెట్లు దిగి ఆడవాళ్ల లైనులో చివరన నిలబడ్డాడు. ఎంత ఎగతాళి చేసినా కదలలేదు. వంతు వచ్చాక కిటికీ దగ్గర తల వంచాడు.

"నీ మీద పందెం కాసుడే తప్పు, కట్టమ్మా. నన్ను చేసుకుంటవా? వద్దనుకుంటే వద్దని చెప్పు, మళ్ల అడగ."

మూడేళ్లు ఎదురుచూసిన మాట అది. కట్టమ్మ గుండె గంతులేసింది. అవునన్నా కాదన్నా ఇప్పుడు తన ఇష్టమే. ఆ సంతోషాన్ని కాసేపు ఒంటరిగా అనుభవించాలనిపించింది.

ఆట మొదలయ్యే గంట మోగింది. మిషన్ దగ్గర మనిషి లేడు. లోపల ఈలలు, కుర్చీల చప్పుడు. గేటు దగ్గరి నుంచి నాయిన ఇటే చూస్తున్నాడు. కట్టమ్మ టికెట్ పుస్తకాలు ఒకదాని మీద ఒకటి సర్దింది, సొరుగు మూసింది, తల ఎత్తి వరండా అంతటికీ వినపడేలా చెప్పింది.

"చేసుకుంట. ఇగ పొయ్యి సినిమా ఎయ్యి."